ఐదో పాయ

నా సొరుగులో ఒక అట్ట ఉంది.
దాని మీద తొమ్మిది వెంట్రుకల పాయలు
కాటుక నలుపుతో మొదలై ఎండుగడ్డి దాకా,
వరసగా, అంకెలతో.
నాలుగు వరకూ విద్యార్థి.
ఐదు నుంచి సమస్య.
నియమం నేను రాయలేదు.
కానీ ప్రతి నెలా మొదటి సోమవారం
అట్ట పట్టుకునేది నా చెయ్యే.

హిమిలో, సముద్రం ఒడ్డున మా బడి.
చలికాలం చేపల వాసన నల్లబల్ల దాకా వస్తుంది.
పిల్లలు కిటికీ దగ్గర తలలు వంచి నిలబడతారు.
దర్జీ గుడ్డకి దారం కలుపుకున్నట్టు
ఒక్కో పాయా వెలుతురులోకి లాగి
అట్ట పక్కన పెడతాను.

కోతోనె హిరసావా. తొమ్మిదో తరగతి. ఈతపిల్ల.
బడి కొలను మూసి మూడేళ్లయింది.
గచ్చు పగిలింది, డబ్బు లేదన్నారు.
ఇప్పుడందులో వాననీళ్లు, రెండు బాతులు.
జట్టూ రద్దే.
చేపల వేలంపాట ముగించుకుని సురుదా గారు
ఊరి కొలను దగ్గరికి వస్తారు, జీతం లేని కోచ్,
చంకలో గొడుగు, బూట్లకింకా పొలుసులు.
ఆ పిల్ల పతకం తెచ్చిన రోజు మాత్రం
గేటుకి బ్యానరు కట్టింది బడే.

క్లోరిన్ ఆమె జుట్టును నిదానంగా తిన్నది.
ఏప్రిల్‌లో మూడు.
జూన్‌లో నాలుగు.
సెప్టెంబరులో అట్ట పెట్టి చూశాను,
కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను.

"ఇది నీళ్ల రంగు, సెన్సే."
"తెలుసు" అన్నాను.
ఫారంలో 'తెలుసు'కి గడి లేదు.
పుట్టుకతో గోధుమరంగు జుట్టయితే గడి ఉంది,
తల్లి సంతకం, పాలపళ్ల నాటి ఫొటో జతచేయాలి.
నల్లగా పుట్టడమే ఈమె చేసిన తప్పు.

వైస్ ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చారు:
ఫ్యాషన్ ఒకసారి గుమ్మం దాటిందంటే
చదువు కిటికీలోంచి దూకేస్తుందట.
ఆయన తలకీ రంగే, నెలకోసారి.
తెల్లవెంట్రుకకి మా అట్ట మీద అంకె లేదు.

పదకొండో నియమం: జుట్టుకు రంగు వేయరాదు.
ఆ నియమాన్ని కాపాడడానికే
వాళ్లమ్మ మందుల షాపులో నల్లరంగు పెట్టె కొన్నది.

అక్టోబరు. తొయామా. పెద్ద కొలను.
సన్నాహపు ఈత ముగించి గట్టెక్కింది.
టోపీ అంచు కింది నుంచి మెడ మీదికి
ఒక నల్లటి చార,
వీపు దాటి, మడమ దాకా.
తెల్లచొక్కా అధికారి ఈల ఊదాడు.
నీళ్లు పాడవుతాయి, ఇలా దిగకూడదన్నాడు.
బడికేమో నలుపు చాలలేదు,
కొలనుకి ఎక్కువైంది.

ఇరవై నిమిషాలుంది పోటీకి.
నేనే వెళ్లాను స్నానాల గదికి,
మేజోళ్లతోనే, చేతిగడియారం తీయకుండానే.
సబ్బు. మళ్లీ సబ్బు.
నీళ్లు సిరాలా పారాయి, తర్వాత బూడిదలా,
తర్వాత బార్లీ టీ లాగా.
ఆమె ఏడవలేదు. "చెవిలోకి పోతోంది" అంది ఒకసారి.
పదిహేనేళ్ల తల ఎంత చిన్నదో
అప్పటిదాకా నాకు తెలియదు.
అన్ని సోమవారాలూ నేను పట్టుకున్నవి
కొసలే.

ఎన్నో స్థానం వచ్చిందో చెప్పను.
బ్యానరు కట్టలేదు, అది చాలు.

నవంబరు, మొదటి సోమవారం.
నా గోళ్ల అంచుల్లో నలుపు ఇంకా పోలేదు.
ఆమె అట్టను చూడలేదు, వాటిని చూసింది.
నేను 'నాలుగు' అని రాశాను.
అబద్ధమని ఇద్దరికీ తెలుసు.
కిటికీలోంచి ఎండ కూడా
దాచకుండా చెబుతూనే ఉంది.

పేరు కొట్టేసి తలెత్తితే,
వెనక సాఫ్ట్‌బాల్ ఆడే పిల్ల,
వేసవంతా మైదానంలో కాగిన రాగి తల,
పిలవకముందే
వంచుకుని నిలబడి ఉంది.