నొప్పి బిళ్ళ ఒకటి

కొత్తపేటలో రాత్రి పదిన్నర.
సగం దించిన షట్టరు కిందనుంచి
ముందు ఘాటు వస్తుంది, తర్వాత మనిషి.
మిర్చియార్డు వాళ్ళని నేను
నా తుమ్ముతోనే గుర్తుపడతాను.

"నొప్పి బిళ్ళ ఒకటి" అంటారు అందరూ,
లోకంలో నొప్పి ఒక్కటే ఉన్నట్టు.
పద్దెనిమిదేళ్ళు ఈ బల్ల వెనక నిలబడ్డాక
ఎక్కడ అని అడగడం మానేశాను.
ఎలా ఉంది, అంటాను.

గాలి సైదా మీదకి బస్తా జారింది.
మడమ బూరెలా పొంగింది.
ఇది బిళ్ళ మాట వినే నొప్పి.
అన్నం తిన్నాక ఒకటి, మూడు రోజులు, అంతే.
"టీ తాగొచ్చా, చాలదా?"
చాలదు. కడుపు కూడా నీదే కదా సైదా.

హాస్టలు పిల్ల నోటితో చెప్పదు, చీటీ ఇస్తుంది.
నెలనెలా అదే చీటీ, మడత కూడా మారలేదు.
ముదరనివ్వకు తల్లీ, మొదలవగానే వేసుకో అని
చిల్లర లెక్కపెడుతూ చెబుతాను, మొహం చూడకుండా.
వాళ్ళమ్మ ఓర్చుకోమందట.

పంటి నొప్పివాడు బేరమాడడు.
కిడ్నీలో రాయి కదిలినవాడు ఆటోలోంచే అరుస్తాడు,
వాడికి ఎదురుగా ఆస్పత్రి చూపిస్తాను.
ఈ దోమల కాలంలో
జ్వరంతో ఒళ్ళు విరుస్తోందన్నవాడికి మాత్రం ఇవ్వను.
తిట్టుకుంటూ పక్క షాపుకి పోతాడు.
పక్కవాడు ఇస్తాడు.

సువార్తమ్మ సంగతి వేరు.
ఇరవై ఆరేళ్ళు మిరపకాయల తొడాలు తీసిన చేతులు.
అవి మండితే ఏనాడూ నా దగ్గరికి రాలేదు,
మజ్జిగలో ముంచి పడుకునేది.
ఇప్పుడు అరికాళ్ళట.
రాత్రిళ్ళు, దుప్పటి తగిలినా మంటేనట.
"కాయలు ఒలిచింది చేత్తో కదయ్యా,
కాళ్ళకెట్టా ఎక్కింది?"

షుగరు చూపించుకున్నావా అన్నాను.
ఎర్ర బిళ్ళ ఇయ్యమంది. ఇచ్చాను, తప్పే.
మూడోవారం కడుపు పట్టుకుని వచ్చింది,
కాళ్ళు అలాగే మండుతూ.
వాపుతో మాట్లాడే బిళ్ళకి నరం భాష రాదు.
అరండల్‌పేట రెండో లైనులో ఇల్లు అంటుకుంటే
ఫైరింజను పదో లైనుకి పోయి
వీధంతా తడిపి వచ్చినట్టు.

పెద్ద డాక్టరు రాసిచ్చాడు చివరికి:
రాత్రికో మాత్ర, పూతకి చిన్న ట్యూబు.
ట్యూబు మీద అక్షరాలు చదివి
కాసేపు నోరు రాలేదు నాకు.
"ఏందయ్యా అది?"
మిరపకాయ సత్తు, సువార్తమ్మా.
కాయలో మండేదేదో అదే.
మొదట ఇంకా మండుతుందట,
తర్వాత నరమే విసిగి ఊరుకుంటుందట.
అందరికీ కాదు, కొందరికి.

నవ్వింది. దగ్గొచ్చేదాకా నవ్వింది.
"రెండొందల ఎనభయ్యా!
పొద్దు పొడిచింది మొదలు ఒలిచినా
నాకెవడూ అంత ఇయ్యలా."

అరువు రాసుకున్నాను.
ఆమె చేతులు ఆనించినచోట బల్ల తుడిచి
మరిచిపోయి కన్ను నలుపుకున్నాను.
వెనక అరలనిండా బిళ్ళలు.
నీళ్ళకి పోదని తెలిసీ
నీళ్ళే కొట్టుకున్నాను.