ఖాళీ బండి బరువు

లైసెన్సు కార్డు పోస్టులొచ్చి పదకొండు రోజులు.
స్కూటీకని కూడవెట్టిన డెబ్బై రెండు వేలు
బియ్యం సంచి గుడ్డల చుట్టుకొని
నల్లగొండ రామగిరిల ఒక రేకుల షెడ్డు ముందర నిలవడ్డ.

లోపల పద్మిని.
మీగడ రంగనుకున్న. గోరుతో గీకితే
కింద నీలం తేలింది, దాని కింద ఇంకేదో.
వెనక రెండు మొనలు
ఇస్త్రీ చేసిన కాలర్ లెక్క నిక్కి ఉన్నయి.

అమ్మేటామె కమలాబాయి, దవాఖానల నర్సు చేసి రిటైరైంది.
పైసలు లెక్కవెట్టలే.
"బిడ్డా, దీనికి ఎండ పడది" అన్నది.
నల్లగొండల ఉంటూ ఎండ పడదంటదేందని
నవ్విన. ఆమె నవ్వలే.

గేరు స్టీరింగు పక్కన, గొళ్లెం లెక్క.
చోక్ గుంజాలె, గుంజినంక మరువకుండ నూకాలె.
బెల్టు లేదు, ఏసీ లేదు,
ముందట్ల మూడు మూలల చిన్నద్దం తిప్పితే
బడిల పంతులు కొట్టినట్టు
గాలొచ్చి ఒక్క చెంపనే కొడ్తది.

తిప్పర్తి దాటింది.
మాడ్గులపల్లి టోల్‌గేటు ఇంకో ఫర్లాంగుందనంగ
దగ్గింది, తుమ్మింది, ఆగింది.
మొయినుద్దీన్ చిచ్చాకు ఫోన్ కొట్టిన.
"పెట్రోలు పంపు మీద తడిగుడ్డ ఏయ్,
పావుగంట దాంతోని మాట్లాడు."
"ఏం మాట్లాడాలె చిచ్చా?"
"నీ ఇష్టం. ఇంటది, జవాబియ్యది."

పుచ్చకాయలమ్మే తాత బిందెల చున్నీ ముంచి
ఇంజను మీద పరిసిన.
బుస్సుమని ఆవిరి లేసింది.
ఎందుకు కొన్నవే అంటే
అమ్మకు అగ్గువకొచ్చిందన్న,
మిల్లు సేటుకు మా మామదన్న,
అన్నకు ఏం చెప్పలే. వాడు మూడు దినాలు మాట్లాడలే,
నాలుగోనాడు మాట్లాడిండు,
మాట్లాడకుంటేనే బాగుండె.

దానికి మాత్రం నిజం చెప్పిన, బానెట్ కిందికి వంగి:
సీజన్ల దినాం రెండొందల లారీలు తూకమేస్త,
ఏ ఊరి వడ్లు ఏడికి పోతున్నయో నాకెరుక.
ఒక్క లారీ సుత
ఎక్కు పిల్లా, సూపెడ్తా అనలే.

చున్నీ ఆరింది.
బండి మనసు మార్చుకున్నది.

తెల్లారి మిర్యాలగూడ మిల్లుల
లారీలు వరుస కట్టకముందే
కాంటా మీదికి ఎక్కించిన.
నేను కూసుంటే తొమ్మిది వందల నలభై.
దిగితే ఎనిమిది వందల తొంభై.
చీటీ కొట్టిన:
లోడు బండి, ఖాళీ బండి, సరుకు యాభై కిలోలు.
సరుకు పేరు కాడ వేలు ఆగింది.
సన్నాలా, దొడ్డొడ్లా, నూకలా?
ఖాళీ వదిలేసి చింపుకొని జేబుల వెట్టుకున్న.
రెండేండ్లల్ల నన్ను నేను తూచుకున్నది అదే మొదలు.

ఎక్కి తాళం తిప్పితే
కిర్రు. కిర్రు. అంతే.
వెనక లారీ హారన్,
దాని వెనక ఇంకోటి,
సేటు గొంతు ఆఫీసుల నుంచి చెప్పు లెక్క పడ్డది.

అప్పుడొచ్చిన్రు హమాలీలు,
సైదులు, రమావత్ బాలు, బీహారు రాంపర్వేష్,
నోట్ల వేపపుల్లతోని ఇంకొకాయన, పేరు నాకు తెల్వది.
వెనక మొనల మీద చేతులేసిన్రు.
"రెండో గేర్లెయ్యి బుజ్జమ్మా, మేమున్నం."
అద్దంల చూసిన,
కాంటా బోర్డు మీద ఎర్రటంకెలు తిరగబడి
తొమ్మిది వందలు పదకొండు వందలై
ఊగుతున్నయి, నిలుస్తలేవు.
వాళ్ల కాళ్ల బలం సుత
నా బండి బరువులనే కలిసింది.

క్లచ్ ఇడిసిన.
ఒక్క దెబ్బకు గర్జించింది, నల్లపొగ,
రాంపర్వేష్ దగ్గుకుంట చప్పట్లు కొట్టిండు.

గేటు దాటేటప్పుడు మల్లోసారి అద్దం చూసిన.
అందరు దిగిన్రు. బోర్డు మీద సున్న.
సున్న అద్దంల సుత సున్ననే.

బ్రేకు మీద కాలు వెయ్యాలంటే భయమైతున్నది.
ఆపితే మల్ల నలుగుర్ని లేపాలె.
సాగర్ రోడ్డు దిక్కు తిప్పిన,
డ్యూటీ టైమైంది, తెలుసు,
ఒక్క రౌండు.