ముప్పావులో మూడింట రెండు

తుపాను వెళ్ళిన పదోరోజు
వీఆర్వో మా జీడితోటలో నిలబడి
కాగితం మీద రాసుకున్నాడు.
విస్తీర్ణం ముప్పావు ఎకరం.
పడిపోయింది మూడింట రెండు వంతులు.
రెంటినీ గుణించి
నష్టం అర ఎకరం, అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది.
"గుణిస్తే పెరగాల గదేటి బాబూ?
ఐదు దాకా నేనూ సదివినాను.
ముప్పావు కాస్తా అరెలాగయిపోనాది?
మిగతా పావు ఎవులు తినేసినారు?"

ఆయన నవ్వలేదు, కసరలేదు.
పెన్నుకి మూత పెట్టి
"సంతకం రేపు పెడుదువులే,
రాత్రికి లెక్క చూసుకో" అని
బండెక్కి పలాస వైపు వెళ్ళిపోయాడు.

కరెంటు ఇంకా రాలేదు.
కిరసనాయిలు బుడ్డి పక్కన పెట్టుకుని
వాకిట్లో ఇసక చదును చేసి
చీపురుపుల్లతో ఎకరం గీశాను.
ఎకరం ఇంతేనా అని
కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

పొడుగ్గా నాలుగు పట్టీలు.
ఒకటి తోడికోడలు పుణ్యవతిది,
దాని జోలికి పోలేదు.
మూడు మావి.
గాలి సముద్రం వైపు నుంచి కదా వచ్చింది,
అడ్డంగా కోశాను, మూడుగా.
తూర్పున రెండు వరసలు పడ్డవి.
పడమట ఒకటి నిలిచింది.

మా చెట్లు పడ్డ గడికో జీడిపిక్క పెట్టాను.
ఆరు.
గడులన్నీ లెక్కపెట్టాను, పుణ్యవతివి కూడా కలిపి.
పన్నెండు.
మళ్ళీ లెక్కపెట్టాను.
కుక్క వచ్చి ఒక పిక్క వాసన చూసి పోయింది.
పన్నెండింట ఆరు.
సగం.

ఈ పన్నెండు నేను తెచ్చి పెట్టింది కాదు.
నాలుగు ఒక దిక్కు నుంచి, మూడు ఇంకో దిక్కు నుంచి వచ్చి
ఒకదాన్నొకటి కోసుకుంటే పుట్టింది.
గుణకారమంటే కుప్ప పొయ్యడమనుకున్నాను ఇన్నాళ్ళూ,
ఐదు బుట్టలు, బుట్టకి డజను కాయలు.
ఇక్కడ కుప్ప లేదు,
"లో" ఉంది.
ముప్పావులో. నాదాంట్లో. ఉన్నదాంట్లో.
ఆ చిన్న "లో" దగ్గరే
గుణకారం గుర్తు ఉంటుందని
బడిలో ఎవరూ చెప్పలేదు,
లేదా చెప్పిన రోజు
నేను పిక్కలేరడానికి పోయుంటాను.

పొద్దున్నే ఆయన వచ్చాడు.
"తప్పేటి లేదు బాబూ, నీ లెక్క సరే"
అనడానికి కొంచెం కష్టమైంది.
మోసం దొరికుంటే
తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు.

ఆయన ముద్దర వేస్తుంటే గుర్తొచ్చింది,
మా పట్టీల్లో పిక్క పెట్టని గడులు మూడు.
ముప్పావులో మూడింట ఒకటి.
పావు ఎకరం.
ఎవులూ తినలేదు, అక్కడే ఉంది.
దానికి ఆ కాగితంలో గడి లేదు.
ఒరిగిన మొదళ్ళకి మట్టి ఎగదొయ్యాలి.
గునపం భుజానేసుకుని అటు నడిచాను.