పెన్నకు వదిలిన చోటు

ఎర్రగుంట్లలో మా పాలిష్ ఫ్యాక్టరీ వెనక
విరిగిన బండల కుప్పలో వెతుక్కుంటుంది ఓబులేశ్వరి.
అరచేతంత నల్లరాయి, నడుమ కొంచెం గుంట ఉంటే చాలు,
జపాను సిరా నూరుకోవడానికి.

అక్కడ రాళ్లనే రంగులు చేస్తారంట.
మనకేం తక్కువ రాళ్లకు?
మంగంపేట ముగ్గురాయి తెలుపు,
గండికోట లోయ అంచున ఏరుకొచ్చిన ఎరుపు,
మా రంపం కింద రాలే బూడిదరంగు.
అది నా ఊపిరితిత్తుల్లోనూ ఉంది,
అడిగితే ఇస్తాను.

తోలు జిగురు మరగకూడదు, వెచ్చబడాలి.
సంగటి దించిన పొయ్యి మీద, ఆరిపోయే నిప్పులో
వేలు ముంచి చూస్తుంది
పసిబిడ్డకు నీళ్లు పోసే ముందు చూసినట్టు.
వాళ్లమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని
"కూడొండేకాడ ఈ కంపేందిమే" అంటుంది.

మొన్న బొమ్మ చూపించింది.
రెండు దరులూ గీసింది. జిల్లేడు, తుమ్మ, ఒక గొర్రె కూడా.
నడుమ ఉత్త కాగితం.
"ఏరేదీ?" అన్నాను.
"అదే."
"నీళ్లు?"
"నువ్వు చూసినావా ఎప్పుడన్నా?"
చాలాసేపు ఆలోచించి
చిన్నప్పుడొకసారి అన్నాను.

అశ్వినికార్తెలో కాదు, స్వాతిలో పట్టింది ముసురు.
మిద్దె కారింది.
ఆ జిగురు నీళ్లకు లొంగే జాతి.
తెల్లారి చూస్తే
దరి మీది ఎరుపంతా కరిగి, గొర్రెను కూడా లాక్కుని
ఖాళీలోకి దిగి ఉంది.

ఎండబెడతావా, పారేస్తావా అని అడగబోయాను.
ఆమె గడప మీద కూర్చుని
బొమ్మకేసే చూస్తా
వాళ్లమ్మను కేకేసింది:
"మా, బిరీన రా. ఏరొచ్చింది."