ఫలితాలు సున్నా

ఏటుకూరు రోడ్డులో మా కోల్డ్ స్టోరేజీ మీద రేకుల గది.
కంప్యూటర్ సెక్షన్ అంటే నేనూ, ఒక ఫ్యానూ.
కింద మూడో ఛాంబర్ తలుపు తీసినప్పుడల్లా
ఘాటు మెట్లెక్కి వస్తుంది.
గుంటూరులో కళ్లు తుడుచుకుంటూ పనిచేస్తే
ఏడుపు కింద జమకట్టరు.

"మన సైటులో వెతికితే ఏదీ దొరకట్లేదయ్యా, బాగుచెయ్" అన్నారు మేనేజరుగారు.
ఆయన లెక్కలో బాగుచెయ్యడమంటే పెట్టె పెద్దదవ్వాలి, రంగు మారాలి.
మార్చాను. మూలలు గుండ్రంగా చెక్కాను.
సున్నా కూడా గుండ్రంగానే వచ్చింది, ఎప్పట్లాగే.

ఆ రాత్రి చిట్టా తెరిచాను,
ఎవరేం అడిగారో, ఏం దొరకలేదో.
లీవు కాయితం: సున్నా.
సెలవు చీటీ: సున్నా.
మూతిగుడ్డలు ఎప్పుడిస్తారు: సున్నా.
తేజ రేటు అని కొడితే
తేజోవతిగారి రిటైర్మెంటు ఫొటోలు, పదిహేడు.
నవ్వుకున్నాను కాసేపు.

ఆ కిందే
తొడిమల షెడ్డు పక్కన అందరికీ కలిపి పెట్టిన మిషన్ నుంచి,
టోకెన్ ఆరొందల పదిహేడు, పొద్దున ఆరుంబావుకి:

మట్టి కర్చులు
మట్టి ఖర్చులు
మట్టి ఖర్చుల డబ్బులు
మనిషి పోతే డబ్బులు
మా ఆయన

అంతే. ఆ తర్వాత ఏమీ కొట్టలేదు.
ఫలితాలు సున్నా అంది నా యంత్రం.
అక్షరాలు సరిచూసుకోండి అని సలహా కూడా ఇచ్చింది.
ఆ వాక్యం నేనే రాశాను, ఒక మధ్యాహ్నం, టీ చల్లారేలోపు.

కాగితం ఉంది. లేకపోవడమేం?
నలభై రెండో ఫోల్డర్లో
ఎక్స్‌గ్రేషియా క్లెయిమ్, అనుబంధం పద్నాలుగు-బి అనే పేరుతో
భద్రంగా ఉంది,
ఎవరికీ దొరకనంత భద్రంగా.

"పైన చెయ్యి పెడితే పైకాయే వస్తుంది సార్,
మోచేతి దాకా దించాలి" అన్నాడు శాంపిళ్లు తీసే సుభానీ.
నాలుగు రోజులు షెడ్డులో కూర్చున్నాను.
తొడిమలు తుంచే చేతులు ఆగవు, మాటలూ ఆగవు.
హాజరుపట్టీని వాళ్లు మస్తరంటారు.
బోనస్‌ని పండగడబ్బులంటారు.
ఒక్కో మాటా రాసుకొచ్చి ఒక్కో ఫైలుకి ముడేశాను.
చెల్లని సర్క్యులర్లు తాలుకాయల్లా ఏరి అవతల పోశాను.

ఇప్పుడు మట్టి అని కొట్టేసరికే
పద్నాలుగు-బి మొదట నిలబడుతుంది.
మేనేజరుగారు రంగు బావుందన్నారు.

నాగూర్‌బీకి డబ్బు అంతకుముందే అందింది,
సుభానీ వెళ్లి అకౌంట్స్‌లో గట్టిగా అడిగితే, నెలా పదిరోజులకి.
నా పెట్టె వల్ల కాదు.

మా ఆయన
అన్నదానికి ఏ ఫైలు ముడెయ్యాలో నాకు తెలీలేదు.
ఆ సలహా వాక్యం మాత్రం తీసేసి
దాని చోట నా ఫోను నంబరు పెట్టాను.

నిన్న మోగింది.
అవతల ఎవరో ఒకటే తుమ్ములు.
పర్లేదమ్మా, నిదానంగా చెప్పండి,
లైన్లోనే ఉంటాను అన్నాను.