రెండెకరాల నలభై సెంట్లు

ముప్పై ఒక్క ఏళ్లు గుంటూరు మిర్చి యార్డులో
కాటా దగ్గర కూర్చున్నదాన్ని.
టిక్కీ ఎత్తుతుంటేనే చెప్పేదాన్ని
లోపల తడి ఎంతో, తాలు ఎంతో.
ఈ జన్మకి రాసిపెట్టిన తుమ్ములన్నీ అక్కడే తుమ్మేశాను.

రిటైరయ్యాక, ఫిరంగిపురం దాటి,
కొండవీటి కొండ వాలులో
రాయి తప్ప ఏమీ పండదన్న చోట
రెండెకరాల నలభై సెంట్లు కొన్నాను.
సగం సుబాబుల్, ఎవరో వేసి మరిచిపోయింది.
మిగతా సగం సర్కారు తుమ్మ,
కింద ఏముందో దానికే తెలియదు.

మొదటి వేసవి నాకు ఆవేశం ఎక్కువ.
బాలశౌరిని పిలిచి, పొక్లెయిన్ మాట్లాడి,
ఆ తుమ్మనంతా వేళ్లతో పెకలించాను.
నాలుగు రోజులు. పదకొండు ట్రాక్టర్ల కట్టె.
గుండు కొట్టించుకున్న పిల్లాడిలా
నేల ఎండలో కళ్లు చికిలించింది.
"శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు బాలశౌరి.
శుభ్రంగానే ఉంది.

తెల్లారగట్ల ఆ మూల నుంచి
గొంతు చించుకునే కౌజులు
మర్నాడు అరవలేదు.
ఆ మర్నాడు కూడా.
కుందేలొకటి రెండ్రోజులు వచ్చిపోయింది,
తన గుమ్మం ఎక్కడుండేదో వెతుక్కుంటూ.

ముప్పై ఒక్క ఏళ్లలో
తూకం తప్పానని ఎవరితోనూ అనిపించుకోలేదు నేను.

ఇప్పుడు ఏడాదికి ఒక్క చాలే.
పక్క సెంట్లలో మిగిలిన కంపని, మళ్లీ మొలిచినదాన్ని,
కొంచెం కొంచెంగా తీసి
ఆ ఖాళీలో కలివి, బలుసు, ఊడుగ, రేగు.
అవి నడుమెత్తు దాటాకే పక్క చాలు మీద చెయ్యి.
"అద్దెకున్నోళ్లని లేపేముందు
ఇంకో కొంప చూపించాలి గదమ్మా"
అన్నాడు బాలశౌరి, మూడు కొంపలు మారినవాడు.

ఉత్తరపు గట్టున ఎండిన వేప.
దాన్ని చూస్తే అతని చేతులు దురద.
"చచ్చిందమ్మా అది. పొయ్యిలోకైనా అక్కరకొస్తది."
తొర్రలోంచి పైడికంటె
గుప్పెడంత ముఖం బయటపెట్టి
మా ఇద్దర్నీ ఎగాదిగా చూసి
లోపలికి పోయింది,
చేతిలో పైసా లేని బేరగాళ్లని చూసిన
కమీషన్ వ్యాపారిలా.
గొడ్డలి మళ్లీ భుజానికెక్కింది.

పాత బావిలో నక్క పడ్డది పోయిన కార్తీకంలో.
ఎంతసేపు ఈదిందో.
మేం చూసేసరికి ఈదడం లేదు.
ఆ సాయంత్రమే తాటిమొద్దుకి గాట్లు కొట్టి
ఏటవాలుగా దించాం నీళ్లలోకి.
ఎవరైనా ఎక్కి బతికారా, చెప్పలేను.
గాట్ల మీద గోళ్ల గీతలున్నాయి.

పక్క చేను ఇన్నారెడ్డి గట్టు మీదకొచ్చి అరిచాడు:
"అడవి పెంచుతున్నావా, పందుల్ని మేపుతున్నావా?
మొక్కజొన్న సగం మీ చుట్టాలే తిన్నారు!"
ఆయన మాటలో తాలు లేదు.
సరిహద్దు వెంట పది అడుగులు పొద కొట్టించి
ముళ్లకంప దడి కట్టించాను నా ఖర్చుతో.
కరెంటు తీగ పెట్టనన్నాడు ఆయన.
కొన్ని రాత్రులు మెలకువొచ్చి
ఆ మాటని చేత్తో ఎత్తి చూసుకుంటాను.

సుబాబుల్ రెండేసి వరసలు అమ్ముతాను, అంతే.
పేపరు మిల్లు ఏజెంటుకి అది నచ్చదు.
"లారీ నిండదు మేడమ్. పైగా ఈ కొమ్మల చెత్త
కుప్పలు పెట్టడమేంటి?"
చెత్తలోంచి ఉడుము తోక కదిలింది.
ఏజెంటు లారీ ఎక్కి మాట్లాడాడు ఆ తర్వాత.

మొన్న, మూడో ఏడు,
పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చున్నాం.
కలివి పొదల వైపు నుంచి
ఒక్కసారిగా, గొంతు చించుకుని,
కౌజు.
బాలశౌరి ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.
"ఒకటా, రెండా? అవతల ఇంకోటి పలికిందా?"
అలవాటు పోదు కదా, లెక్క అడిగాను.
"మీరు నోరు మూస్తే గదమ్మా
వినబడేది" అన్నాడు.