పొగమంచు పిల్లి

కూర్చుని గంటయింది, లేచి నిలబడు
అంది మణికట్టు మీది గడియారం.
నేనప్పుడు ఆసుపత్రి లిఫ్టు గుంతలో
నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య
నిలబడే ఉన్నాను, నోట్లో స్క్రూడ్రైవర్‌తో.

నిన్న కట్టెలు కోస్తుంటే ఈత కొడుతున్నావంది.
మొన్న నిద్రపట్టక పైకప్పు చూస్తూ పడుంటే
గాఢనిద్ర, ఎనభై ఆరు మార్కులు, భేష్ అంది.
బడిలో ఎవరూ నాకన్ని మార్కులు వెయ్యలేదు.
అందుకే చేతి నుంచి తియ్యను.

టార్టు ఊళ్ళో సూప్ పేట మాది,
వీధులకి కూరగాయల పేర్లు.
బఠానీ వీధిలో చెక్క ఇల్లు, కింది వాటా నాది.
పై వాటాలో హెల్వి.
నా బేస్ మోత ఎక్కువైతే
చీపురుకర్రతో నేల మీద పొడుస్తుంది.
ఆ పొడుపుల్ని ఒకసారి రికార్డు చేసి
తాళంగా వాడుకున్నాను. ఆమెకి చెప్పలేదు.

రాత్రి పది దాటాక తెర వెలుగుతుంది.
ఒక మీట తిప్పితే గిటారు ఖాళీ చర్చిలో మోగుతుంది,
ఇంకాస్త తిప్పితే బావిలో.
అరవై మూడు పాటలున్నాయి, ఒక్కటీ పూర్తి కాలేదు:
చివరిది,
చివరిది రెండు,
ఇదే చివరిది,
ఒట్టు, ఇదే చివరిది.

పాట పూర్తి కాకపోయినా పేరు కొనొచ్చు.
అర్ధరాత్రి, రెండో బీరు సగంలో,
ఎవరూ తీసుకోని పేరొకటి దొరికిందంటే
కిక్కిరిసిన బస్సులో కిటికీ సీటు దొరికినట్టే.
అలా పదకొండు కొన్నాను.
ఆలూ లేదు, చూలూ లేదు,
పేరు పక్కన చుక్క, చుక్క పక్కన దేశం,
ఏటేటా కప్పం.

మొదట కొన్నది ఉదుకాస్,
పొగమంచు పిల్లి అని అర్థం.
రైవో, నేను బ్యాండు పెడదామనుకున్న వారంలో కొన్నాను.
రైవో ఇప్పుడు టైర్లు అమ్ముతున్నాడు,
అతని గిటారు బావమరిది దగ్గరుంది.
తొమ్మిదేళ్ళు కట్టాను.
పదో ఏట బ్యాంకు కొత్త కార్డిచ్చింది,
నంబరు మార్చడం మర్చిపోయాను.
హెచ్చరికలు పంపారట. ఏ పెట్టెలో పడ్డాయో.

ఆ పేజీ తెరిచేసరికి గడియారం వణికింది:
గుండె నూట పదిహేడు,
వ్యాయామం మొదలుపెట్టావా?

లేదు తల్లీ,
నా పేరు మీద ఎవరో ఆలుగడ్డలు అమ్ముతున్నారు.

బస్తా మీద బూడిదరంగు పిల్లి, కళ్ళు సగం మూసి.
దాని కింద ధర. ధర కింద ఫోన్ నంబరు.
ఏదీ కదలదు, ఏదీ మెరవదు.
తొమ్మిదేళ్ళలో నేనక్కడ పెట్టింది
"త్వరలో" అన్న ఒక్క మాట.

తిడదామని ఫోన్ చేసి
పది కిలోలు చెప్పాను.

శనివారం వ్యాను వచ్చింది, ఒక తలుపుకి తాడు కట్టి.
వోరు వైపు పొలమట, పేరు వీర్వె, గోళ్ళనిండా మట్టి.
ఆ పేరు మీకెక్కడిదన్నాను.
మా పిల్లిదంది. దానికి పదహారేళ్ళంది.
మనసులో లెక్కేశాను,
నా బ్యాండు కంటే పిల్లి ఆరేళ్ళు పెద్ద.

మీ పేజీకి సంగీతం చేసిపెట్టనా అన్నాను.
ఆలుగడ్డలకి సంగీతమెందుకండీ అంది,
నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.
జవాబు చెప్పలేక నిలబడ్డాను.
చిల్లర లేదని ఇంకో నాలుగు గడ్డలు వేసి వెళ్ళిపోయింది.

ఇనప బకెట్ పక్కన మైకు పెట్టి
బస్తా గుమ్మరించాను.
మొదటి గడ్డలు దడదడమన్నాయి,
తర్వాతవి గడ్డ మీద గడ్డ పడి
ఎవరో మెత్తని చెప్పులతో మెట్లు దిగుతున్నట్టు.
వేగం ఎంత పెట్టాలో తోచక చేతివంక చూశాను.
డెబ్బై నాలుగు కొట్టుకుంటోంది.
అదే పెట్టాను.
పైన చీపురుకర్ర ఒక్కసారి మోగి ఊరుకుంది,
తాళం తప్పకుండా.

ఫైలుకి పేరడిగింది తెర.
"ఆలూ" అని కొట్టాను.
చూలు సంగతి తర్వాత.

గిన్నె పొయ్యి మీద ఉంది.
గడియారం మళ్ళీ లేచి నిలబడమంటోంది.
ఎలాగూ లేవాలి,
ఉడికాయో లేదో గుచ్చి చూడాలి.